మందమర్రి ప్రాంతంలో ఇంటి పూతలు, రంగులు

ఇంటి గోడలను, నేలను, కడపను, తలుపులను మట్టి, జాజు, సున్నం, తైలవర్ణాలు మొదలైన పదార్థాలతో పూసి అలంకరించడం గృహాలంకరణలో ప్రధాన భాగం. తెలంగాణ రాష్ట్రం, మంచిర్యాల జిల్లాలోని మందమర్రి ప్రాంతంలో ఈ అలంకరణ మూడు వేర్వేరు సంప్రదాయాల కలయికగా కనిపిస్తుంది. మొదటిది వ్యవసాయ గ్రామాల మట్టి ఇళ్ళలోని అలుకు, జాజు, సున్నం. రెండవది నిర్మల్ చేతివృత్తులవారి లప్పం, రంగు, వార్నిషు పనితనం. మూడవది సింగరేణి బొగ్గుగనుల కార్మికవాడలలో వచ్చిన డిస్టెంపరు, ఎనామిల్ రంగులు. ఈ మూడింటిలోనూ పైకి కనిపించే రంగుకు దాని కింది పూతే ఆధారం. అడుగుపూత గోడ స్వభావానికి తగినదైతే రంగు నిలుస్తుంది. తగనిదైతే ఎంత ఖరీదైన రంగయినా పొలుసులుగా రాలిపోతుంది.

నేపథ్యం

మందమర్రి పట్టణం కాజీపేట - బల్లార్షా రైలు మార్గంలో మంచిర్యాల, బెల్లంపల్లి పట్టణాల మధ్య ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సింగరేణి బొగ్గుగనుల సంస్థకు చెందిన ముఖ్యమైన ప్రాంతాలలో మందమర్రి ఒకటి. గోదావరి లోయలో ఇల్లెందు సమీపంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. తరువాత గనుల తవ్వకం గోదావరికి ఉత్తరాన ఉన్న బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ ప్రాంతాలకు విస్తరించింది. గనుల పనికోసం కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుండి వచ్చిన కుటుంబాలు తమ వెంట ఇల్లు అలికే, సున్నం వేసే అలవాట్లను కూడా తెచ్చుకున్నాయి.

ఇంటి పూతల విషయంలో ఈ ప్రాంతానికి మూడు ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి.

- వాతావరణం: వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటే రోజులు ఉంటాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వర్షాలు కురుస్తాయి. ఒకే గోడ సంవత్సరంలో ఒకసారి బాగా ఎండి, మరొకసారి బాగా నాని, మార్పులకు గురవుతుంది.
- బొగ్గు నుసి: గనులు, బొగ్గు రవాణా వలన గాలిలో చేరిన నుసి గోడల గరుకుదనంలో ఇరుక్కొని వాటిని త్వరగా నల్లబరుస్తుంది. బొగ్గు పొయ్యి మీద వంట చేసిన కాలంలో వంటింటి గోడలు లోపలినుండి కూడా మసిబారేవి.
- సున్నపురాయి: మంచిర్యాల పరిసరాలలో సున్నపురాయి నిక్షేపాలు ఉన్నాయి. మంచిర్యాలలో సిమెంటు కర్మాగారం ఏర్పడడానికి, కాసిపేట మండలంలోని దేవాపూర్‌లో 1982లో మరొక కర్మాగారం ప్రారంభం కావడానికి ఇదే కారణం. సున్నం, సిమెంటు రెండూ ఇక్కడివారికి దూరపు సరుకులు కావు.

సంప్రదాయ పూతలు

అలుకు

మట్టి గోడలకు, నేలకు పెండ కలిపిన మట్టినీటిని చేతితో గానీ గుడ్డతో గానీ పూయడాన్ని అలకడం అంటారు. నల్లరేగడి మట్టి ఎండినప్పుడు ముడుచుకొని పగులుతుంది కనుక అలుకుకు పనికిరాదు. ఎర్ర చెలక మట్టిని, నునుపు కావలసినచోట పుట్టమన్నును ఎంచుకుంటారు. గోడ మెత్తే మట్టిలో తరిగిన గడ్డి లేదా వరిపొట్టు కలిపి, తొక్కి, కొన్ని రోజులు నాననిస్తారు. గడ్డిపోచలు మట్టిని పట్టి ఉంచి పగుళ్ళను తగ్గిస్తాయి. పైపూతలో కలిపే పెండలోని సన్నని నారకూడా ఇదే పని చేస్తుంది.

అలుకు పని పూర్తిగా ఇంటి స్త్రీల చేతిలో ఉండేది. అరచేతిని అర్ధచంద్రాకారంగా తిప్పుతూ వెనుకకు జరుగుతూ అలికినప్పుడు నేలమీద చేపపొలుసుల వంటి వరుసలు ఏర్పడతాయి. ఈ వరుసలు సమానంగా రావడం పనితనానికి గుర్తు. ఎక్కడ పూత పలుచబడిందో, ఎక్కడ ఎలుక తోడిందో, ఏ మూల చెమ్మ పడుతున్నదో అలికేవారికి చేతి స్పర్శతోనే తెలిసేది. అందువలన అలుకు అలంకరణగా మాత్రమే ఉండక, ఇంటికి తరచుగా జరిగే పరీక్షగా, మరమ్మతుగా కూడా ఉపయోగపడేది.

జాజు

జాజు అనేది ఇనుప ఆక్సైడు కలిగిన ఎర్రమట్టి. దీనిని సంస్కృతంలో గైరికం అంటారు. కొన్ని ప్రాంతాలలో కావి అని కూడా వ్యవహరిస్తారు. గడ్డలుగా లేదా పొడిగా దొరికే జాజును నీటిలో నానబెట్టి, కలిపి, పలుచని గుడ్డతో నేలకు, అరుగులకు, గోడల అడుగుభాగానికి పూస్తారు. ఇనుప ఆక్సైడు ఎండకు వెలిసిపోదు. అందుచేత జాజు పూత రాలిపోవచ్చునేగాని రంగు మారదు.

గోడ పైభాగానికి తెల్లసున్నం, అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టె వేయడం ఉత్తర తెలంగాణ పల్లె ఇళ్ళలో బాగా కనిపించే పద్ధతి. చూడడానికి ఇది రెండు రంగుల పొందిక. దీని వెనుక ఉపయోగం కూడా ఉంది. వాన చినుకులకు ఎగిసిపడే బురద, అలికేటప్పుడు అంటే మట్టి, కూర్చున్నవారి వీపుల మరకలు అన్నీ గోడ అడుగుభాగానికే అంటుతాయి. ఎర్రని పట్టె వాటిని కనబడనివ్వదు. పట్టెను మాత్రం మళ్ళీ పూస్తే చాలు, గోడ మొత్తం కొత్తగా కనిపిస్తుంది. ఆధునిక గృహాలంకరణలో గోడ దిగువభాగానికి ముదురు రంగు లేదా పలకలు వేసే పద్ధతికి కారణం ఇదే.

జాజు పూసిన నేలమీద బియ్యపు పిండితో గానీ సుద్దతో గానీ ముగ్గు వేస్తారు. ఎరుపు మీద తెలుపు స్ఫుటంగా కనిపిస్తుంది. పెళ్ళి ఇళ్ళలో ఐరేని కుండలకు కూడా సున్నం, జాజు వంటి రంగులతో గీతలు, చుక్కలు పెట్టి అలంకరిస్తారు. సిమెంటు వచ్చిన తరువాత అదే ఇనుప ఆక్సైడును సిమెంటులో కలిపి నునుపుగా రుద్ది చేసే ఎర్ర గచ్చు నేలలు వ్యాప్తిలోకి వచ్చాయి. పదార్థం మారినా రంగు మారకపోవడం గమనించదగినది.

సున్నం

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. దానిని నీటిలో వేస్తే బుసబుస పొంగి, వేడి పుట్టించి, తడిసున్నంగా మారుతుంది. తడిసున్నాన్ని గోడకు పూసినప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి గ్రహించి, నెమ్మదిగా మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. అంటే సున్నం వేసిన గోడకు పలుచని రాతి పొర ఏర్పడుతుంది. ఈ పొరకు సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి కనుక గోడలోని చెమ్మ బయటకు పోగలుగుతుంది. తడిసున్నానికి గల క్షారగుణం బూజును పెరగనివ్వదు.

సున్నం వేసే పద్ధతి ఈ విధంగా ఉంటుంది.

- కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు చొప్పున కలిపి, రెండు రోజులు నాననిచ్చి, పలుచని గుడ్డతో వడగడతారు.
- గోడకు అంటుకొని ఉండడానికి తుమ్మబంక లేదా గంజి కలుపుతారు. పసుపుదనం కనిపించకుండా కొద్దిగా నీలిమందు కలుపుతారు.
- గోడను దులిపి, పాత పొలుసులను గీకి, నీళ్ళు చల్లి తడిపిన తరువాతనే పూత వేస్తారు. పొడి గోడకు వేస్తే సున్నం గట్టిపడకముందే ఎండి, చేతికి పిండిలాగా అంటుతుంది.
- ఒక పూత నిలువుగా, మరొక పూత అడ్డంగా వేస్తారు. తడిగా ఉన్నప్పుడు సున్నం పారదర్శకంగా ఉండి, ఎండిన తరువాత తెల్లబడుతుంది. పలుచని పూతలు రెండు మూడు వేయడం, చిక్కని పూత ఒకటి వేయడం కన్నా మేలు.

ఈ పనికి మోదుగ వేళ్ళను నలగ్గొట్టి, నార తేల్చి చేసిన కుంచెలను వాడేవారు. లేతపసుపు, లేతనీలం, లేతపచ్చ రంగు పొడులను సున్నంలో కలిపి రంగుసున్నం వేయడం కూడా ఉంది. అయితే సున్నపు క్షారానికి తట్టుకొనే ఖనిజవర్ణాలు మాత్రమే అందులో నిలుస్తాయి. తక్కినవి కొద్ది కాలంలోనే వెలిసిపోతాయి. రంగుసున్నం సాధారణంగా లేతగా ఉండడానికి సున్నపు తెలుపు కూడా ఒక కారణం.

దసరా, బతుకమ్మ పండుగలకు ముందు, సంక్రాంతికి, ఉగాదికి, ఇంట్లో పెళ్ళి తలపెట్టినప్పుడు సున్నం వేయడం ఆచారం. దసరాకు వేయడానికి కాలానుగుణమైన కారణం కూడా చెప్పవచ్చు. వానలు తగ్గి, గోడలు ఆరడం మొదలయ్యే సమయం అది. వానకాలపు బూజు, మరకలు ఒకేసారి తొలగిపోతాయి.

కడప అలంకరణ

తెలంగాణలో గడపను కడప అని కూడా అంటారు. స్త్రీలు శుక్రవారాలలో, పండుగ దినాలలో కడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు, బియ్యపు పిండి బొట్లు పెడతారు. పసుపు ఎండకు, నీటికి త్వరగా వెలిసిపోతుంది కనుక దీనిని తరచుగా కొత్తగా పూయవలసి ఉంటుంది. ఇటీవలి దశాబ్దాలలో చాలా ఇళ్ళలో కడపకు పసుపుపచ్చని ఎనామిల్ రంగు వేసి, దానిమీద ఎర్రని, తెల్లని రంగులతో బొట్లను, ముగ్గులను శాశ్వతంగా చిత్రిస్తున్నారు. అతికించే ముగ్గుల కాగితాలు కూడా వచ్చాయి.

గిరిజన గృహాలు

మందమర్రికి ఉత్తరాన, పడమర ఉన్న అటవీ గ్రామాలలో గోండులు, కొలాములు నివసిస్తారు. వారి సంప్రదాయ గృహాలలో వెదురు తడకలకు రెండు వైపులా మట్టి మెత్తి గోడలుగా చేస్తారు. తడక గోడ పలుచనిది, తేలికైనది. కనుక దానికి మట్టి, పెండ, ఎర్రమట్టి, తెల్లమట్టి వంటి తేలిక పూతలే సరిపడతాయి. సిమెంటు పూత తడకతోపాటు వంగలేక విడిపోతుంది. దీపావళి సమయంలో జరిగే దండారి ఉత్సవాలకు ముందు ఇళ్ళను, వాకిళ్ళను అలికి శుభ్రం చేసుకుంటారు.

నేడు దేశమంతటా గృహాలంకరణ కోసం అమ్ముడవుతున్న గోండు చిత్రకళకు మూలం వేరు. అది మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారుల నుండి వచ్చింది. పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ (1962 - 2001) భోపాల్‌లోని భారత్ భవన్ ద్వారా దానిని గోడ మీద నుండి కాగితం, కాన్వాసుల మీదికి తెచ్చాడు. ఆదిలాబాద్ గోండుల ఇళ్ళ పూతలను, ఈ చిత్రకళను ఒకటిగా భావించరాదు.

నిర్మల్ పనితనం, లప్పం

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ పట్టణం (2016 నుండి ప్రత్యేక జిల్లా కేంద్రం) రంగులు వేసిన కర్ర బొమ్మలకు, పటాలకు, పీటలకు, బల్లలకు ప్రసిద్ధి చెందింది. ఈ కళ 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు ఆదరణలో వృద్ధి చెందినట్లు చెబుతారు. గోడ రంగుల పనికి, నిర్మల్ పనికి పద్ధతిలో దగ్గరి పోలిక ఉంది.

నిర్మల్ బొమ్మలకు పొనికి చెక్కను వాడతారు. ఇది చాలా తేలికైన, మెత్తని చెక్క. బొమ్మ భాగాలను చెక్కిన తరువాత వాటిని అతకడానికి, సందులు పూడ్చడానికి చింత లప్పం ఉపయోగిస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే ఈ లప్పం తయారవుతుంది. ఎండిన తరువాత దానిని నునుపుగా రుద్ది, తెల్లసుద్దమట్టి పూత వేస్తారు. ఆ తెల్లని నేలమీదనే రంగులు వేస్తారు. పూర్వం మొక్కల నుండి, ఖనిజాల నుండి తీసిన రంగులను వాడేవారు. తరువాతి కాలంలో తయారీ ఎనామిల్ రంగులు, పటాలకు డ్యూకో రంగులు వచ్చాయి. నల్లని నేలమీద బంగారు వన్నెతో మెరిసే రామాయణ, భారత ఘట్టాలు, అజంతా శైలి స్త్రీమూర్తులు నిర్మల్ పటాలలో ప్రసిద్ధమైనవి. నిర్మల్ బొమ్మలకు, నిర్మల్ ఫర్నిచరుకు, నిర్మల్ చిత్రాలకు వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు లభించింది. పొనికి చెట్ల కొరత ఈ వృత్తిని చాలాకాలంగా బాధిస్తున్న సమస్య.

ఇంటి గోడలకు రంగు వేసే పనివారు పుట్టీని కూడా లప్పం అనే పిలుస్తారు. నేటి గోడ లప్పం తెల్ల సిమెంటుతో లేదా సుద్దపొడి, జిగురులతో తయారవుతుంది. పదార్థాలు వేరైనా ప్రయోజనం ఒకటే. గుంటలు పూడ్చడం, రంగు సమానంగా పరచుకొనే తెల్లని నేలను ఇవ్వడం లప్పం పని. చేర్యాల నకాషీ పటాలలో కూడా గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఎండబెట్టిన తరువాతనే బొమ్మ వేస్తారు. తెలంగాణలోని ఈ రంగుల వృత్తులన్నింటిలోను అడుగుపూతకు పట్టే శ్రమ పైరంగుకు పట్టే శ్రమ కన్నా తక్కువ కాదు.

కార్మికవాడల ఇళ్ళు

సింగరేణి సంస్థ నిర్మించిన కార్మిక గృహాలు వరుసలుగా, ఒకే నమూనాలో ఉంటాయి. వీటిని క్వార్టర్లు అంటారు. గదుల సంఖ్య తక్కువ, విస్తీర్ణం తక్కువ. ఇల్లు సంస్థది కనుక నివాసి గోడలను పెద్దగా మార్చలేడు. ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుంది. ఈ పరిమితుల మధ్య కార్మిక కుటుంబాలు తమ ఇంటిని పొరుగింటి నుండి వేరుచేసి చూపించుకొనే మార్గాలు రంగులు, ముగ్గులు, తలుపు తెరలు, గూళ్ళలో పేర్చిన పాత్రలు.

బొగ్గు నుసి వలన తెల్లని గోడలు త్వరగా మాసిపోయేవి. కనుక లోపలి గోడలకు తల ఎత్తు వరకు లేతనీలం లేదా ఆకుపచ్చ, ఆ పైన తెలుపు వేసి, రెండింటి మధ్య వేలెడు వెడల్పున ముదురు గీత గీయడం పలు క్వార్టర్లలో కనిపించే శైలి. తలుపులకు, కిటికీలకు నీలం లేదా ఆకుపచ్చ ఎనామిల్ వేసేవారు. బొగ్గు పొయ్యిల స్థానంలో వంటగ్యాసు వచ్చిన తరువాత వంటిళ్ళ రంగులలో పెద్ద మార్పు వచ్చింది. మసి తగ్గడంతో లేత రంగులు, తెల్ల పలకలు వేయడం సాధ్యమైంది.

తయారీ రంగుల రాక

భారతదేశంలో తయారీ రంగుల వాడకం 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో పట్టణాల నుండి పల్లెలకు వ్యాపించింది. 1942లో బొంబాయిలో ప్రారంభమైన ఏషియన్ పెయింట్స్ సంస్థ ఇందులో ప్రధాన పాత్ర వహించింది. ఆ సంస్థ కోసం వ్యంగ్యచిత్రకారుడు ఆర్.కె.లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే బాలుని బొమ్మ, రంగు డబ్బాల మీద దశాబ్దాలపాటు కనిపించింది. ఇదే సంస్థకు హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో 1985లో కర్మాగారం ఏర్పడింది.

ఇళ్ళలో వాడకంలోకి వచ్చిన ముఖ్యమైన తయారీ రంగులు ఇవి.

- డిస్టెంపరు: సుద్దపొడి, జిగురు ఆధారంగా తయారయ్యే రంగు. పొడి డిస్టెంపరును తడిగుడ్డతో తుడిస్తే ఊడివస్తుంది. తైలం కలిసిన డిస్టెంపరు కొంతవరకు తుడుపుకు తట్టుకుంటుంది.
- సిమెంటు రంగు: బయటి గోడలకు వాడే పొడి రంగు. స్నోసెమ్ అనేది ఒక వ్యాపారనామమే అయినా, జనవ్యవహారంలో ఈ తరహా రంగులన్నింటికీ అదే పేరు స్థిరపడింది. పూసిన తరువాత నీళ్ళు చల్లి తడపకపోతే గట్టిపడదు.
- ఎనామిల్: నూనె ఆధారంగా తయారయ్యే మెరుపు రంగు. తలుపులకు, కిటికీ చువ్వలకు, కడపకు వాడతారు.
- ఎమల్షన్: నీటితో పలుచన చేసే ప్లాస్టిక్ రంగు. ఎండిన తరువాత పలుచని పొరగా ఏర్పడి, మరకలను తుడవడానికి వీలు కల్పిస్తుంది. దుకాణాలలో రంగు కలిపే యంత్రాలు వచ్చిన తరువాత వేలాది ఛాయలు అందుబాటులోకి వచ్చాయి.

ఈ మార్పుతో ఇంటి పూత స్త్రీల చేతిపని నుండి కూలికి చేసే వృత్తిపనిగా మారింది. ప్రతి సంవత్సరం కొద్ది ఖర్చుతో జరిగే పని, కొన్ని సంవత్సరాలకు ఒకసారి పెద్ద ఖర్చుతో జరిగే పని అయింది. సిమెంటు గోడల ఇళ్ళకు ఈ రంగులు చక్కగా సరిపోయాయి. అయితే మట్టితో, సున్నంతో కట్టిన పాత ఇళ్ళకు కూడా అవే రంగులు వేయడం వలన ఇబ్బందులు ఏర్పడ్డాయి. పాత గోడలకు పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కి, సున్నపు పూత ద్వారా ఆవిరైపోతుంది. అటువంటి గోడకు లప్పం, ఎమల్షన్ వేస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. తడి లోపలే నిలిచి, లవణాలను పైకి తెచ్చి, రంగును బుడగలుగా లేపి, చివరకు పొలుసులుగా రాలుస్తుంది. దీనిని రంగు నాణ్యతాలోపంగా భావించి మరింత ఖరీదైన రంగు వేయించడం సాధారణంగా జరిగే పొరపాటు. పాత గోడకు పాత పూతయే తగినది.

రంగుల ఎంపిక

గది పరిమాణం, వెలుతురు, గది ఉపయోగం అనే మూడు అంశాలను బట్టి రంగులను ఎంచుకోవాలి.

- తెల్లని పూత తనమీద పడే వెలుతురులో చాలా భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు రంగులు దానిని పీల్చుకుంటాయి. ఒకే కిటికీ ఉన్న క్వార్టరు గదికి కప్పు తెలుపుగా, గోడలు లేతగా ఉండడం మంచిది.
- పడమటి ఎండ పడే గదికి లేతనీలం, లేతపచ్చ వంటి చల్లని రంగులు, ఉత్తరపు వెలుతురు మాత్రమే వచ్చే గదికి గోధుమ, లేతపసుపు వంటి వెచ్చని రంగులు నప్పుతాయి.
- గోడ ఎత్తు తక్కువగా ఉన్న గదిలో అడ్డపట్టెలు గదిని మరింత పొట్టిగా చూపిస్తాయి. పొడవైన ఇరుకు గదిలో చివరి గోడకు మాత్రం కొంచెం ముదురు రంగు వేస్తే ఆ గోడ దగ్గరగా వచ్చినట్లు కనిపించి, గది చతురస్రంగా తోస్తుంది.
- చిన్న నమూనాలో చూసిన రంగు పెద్ద గోడమీద మరింత ముదురుగా కనిపిస్తుంది. ముందుగా గోడమీదనే మూరెడు మేర పూసి, పగటి వెలుతురులోను, రాత్రి దీపపు వెలుతురులోను పరిశీలించడం ఉత్తమం.

వాస్తుశాస్త్రాన్ని అనుసరించేవారు దిక్కులను బట్టి కూడా రంగులు ఎంచుకుంటారు.

రేకుల ఇళ్ళలో గోడల రంగు కన్నా కప్పు రంగే ముఖ్యం. రేకులకు లేదా డాబాకు పైన తెల్లని పూత వేస్తే సూర్యరశ్మి ప్రతిఫలించి లోపలి వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2023 - 2028 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టే పాత అలవాటు వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

ప్రత్యేక పూతలు

ఒకే రంగును సమంగా వేయడమే కాక, గోడకు లేదా చెక్కకు వేరొక వస్తువు రూపాన్ని ఇచ్చే పూతలు కూడా ఉన్నాయి.

- నమూనా రోలరు: రబ్బరుపై చెక్కిన పూలు, ఆకుల నమూనాను రంగులో ముంచి, ఎండిన లేత రంగు గోడమీద దొర్లిస్తారు. డిస్టెంపరు కాలంలో బాగా వ్యాపించిన పద్ధతి.
- అచ్చురేకు: కత్తిరించిన రేకును గోడకు ఆనించి రంగు అద్దుతారు. గోడ అంచుల వెంట లతలు, తలుపు పైన కలశాలు, పూలు వేయడానికి అనుకూలం.
- అద్దకం: అడుగున ఒక రంగు వేసి ఎండిన తరువాత, మరొక పలుచని రంగును స్పాంజితో గానీ నలిపిన గుడ్డతో గానీ అక్కడక్కడా అద్దుతారు. గోడలోని చిన్న ఎగుడుదిగుడులు దీనిలో కనబడవు.
- కర్రనార పూత: చౌక చెక్క తలుపుకు లేత గోధుమరంగు ఎనామిల్ వేసి, ఎండిన తరువాత ముదురు రంగు పూసి, అది తడిగా ఉండగానే దువ్వెనతో లేదా గట్టి కుంచెతో టేకు నారల వలె గీతలు తీస్తారు. పైన వార్నిషు వేస్తారు.
- చపడా మెరుగు: లక్కను స్పిరిటులో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో చెక్కకు పలుమార్లు రుద్దుతారు. చెక్క సహజమైన నార కనిపిస్తుంది. నీటికి, వేడికి తట్టుకోదు.

జాగ్రత్తలు

రంగులలో సీసం ఉండడం ప్రధానమైన ఆరోగ్య సమస్య. పసుపు, ఎరుపు, నారింజ ఎనామిల్ రంగులలో మెరుపు కోసం సీసపు క్రోమేటు వంటి పదార్థాలను చాలాకాలం వాడారు. భారత ప్రభుత్వం 2016లో చేసిన నియమాల ప్రకారం, గృహ, అలంకరణ రంగులలో సీసం పదిలక్ష భాగాలకు 90 భాగాలకు మించరాదు. ఇవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అయితే అంతకు ముందు వేసిన పొరలు పాత తలుపులమీద, కడపలమీద అలాగే ఉన్నాయి. పసుపుకు బదులుగా ఎనామిల్ వేసిన కడపలు ఈ విషయంలో ప్రత్యేకంగా గమనించదగినవి. కడప దగ్గర పసిపిల్లలు పాకుతారు, కూర్చుంటారు, రాలిన పొలుసులను నోట పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాత ఎనామిల్‌ను పొడిగా గరుకుకాగితంతో రుద్దకూడదు. నీటితో తడిపి రుద్ది, ఆ పొట్టును తుడిచి పారవేయాలి. పసిపిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ సమయంలో దూరంగా ఉంచాలి.

ఇతర జాగ్రత్తలు:

- లప్పం రుద్దినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గనులలో పనిచేసి ఊపిరితిత్తుల వ్యాధికి గురైనవారు ఉన్న ఇళ్ళలో ఆ పని జరిగినన్ని రోజులు వారు వేరేచోట ఉండడం మంచిది. పనివారు ముక్కుకు, నోటికి రక్షణ కవచం ధరించాలి.
- సున్నం కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. వెంటనే ధారగా మంచినీటితో చాలాసేపు కడిగి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. పొడిసున్నంలో నీరు పోయకుండా, నీటిలోనే సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి.
- కొత్త సిమెంటు పూత పూర్తిగా ఆరకముందు రంగు వేయకూడదు. సాధారణంగా నాలుగు వారాలైనా ఆగాలి.
- గోడ పగుళ్ళను లప్పంతో మూసేముందు కారణం తెలుసుకోవాలి. పునాది కుంగడం వలన గానీ, ప్రకంపనల వలన గానీ వచ్చిన పగులు మళ్ళీ తెరుచుకుంటుంది. పగులుకు అడ్డంగా చిన్న కాగితం అతికించి కొన్ని వారాలు గమనిస్తే, అది చినిగినచో పగులు ఇంకా పెరుగుతున్నట్లు తెలుస్తుంది.

ప్రస్తుత స్థితి

మట్టి ఇళ్ళు తగ్గిపోవడంతో అలుకు, జాజు పూతలు మందమర్రి పరిసర గ్రామాలలో కూడా అరుదైపోతున్నాయి. పండుగనాడు వాకిట్లో పెండనీళ్ళు చల్లడం, ముగ్గు వేయడం, కడపకు పసుపు పూయడం మాత్రం సిమెంటు ఇళ్ళలో కూడా కొనసాగుతున్నాయి. క్వార్టర్ల నుండి సొంత ఇళ్ళకు మారిన విశ్రాంత కార్మిక కుటుంబాలు లోపలి గోడలకు ఎమల్షన్, ముందుగదిలో ఒక గోడకు ముదురు రంగు లేదా అద్దకపు పూత వేయించుకోవడం సాధారణమైంది. నిర్మల్ పటం ఇప్పటికీ ముందుగదికి గౌరవాన్నిచ్చే అలంకరణగా, బహుమతిగా చెలామణిలో ఉంది.

పాత ఇల్లు ఉన్నవారికి సున్నం నేటికీ చౌకైన, గోడకు సరిపడే పూత. కాని దానిని నానబెట్టి, వడగట్టి, గోడ తడిపి వేయడం తెలిసినవారు తగ్గిపోతున్నారు. రంగు డబ్బా దుకాణంలో దొరుకుతుంది. ఏ గోడకు ఏ పూత వేయాలో చెప్పే అనుభవం మాత్రం చేతులు మారితేనే నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

- మందమర్రి
- సింగరేణి బొగ్గు గనులు
- నిర్మల్ బొమ్మలు
- చేర్యాల నకాషీ చిత్రకళ
- సున్నం
- ముగ్గు